చెరుకు ఎదిగిందని యంత్రానికి ఎలా తెలుస్తుంది?

మీ ఇంటి మిద్దె మీద నీళ్ళ ట్యాంకు ఉంటే, దానితోపాటు ఒక చిన్న తగువు కూడా ఉండే ఉంటుంది. మోటారు వేసినవాళ్ళు ఆపడం మరచిపోతారు. ట్యాంకు నిండి నీళ్ళు గోడ వెంట కారుతూ ఉంటాయి. కింది వాటాలోంచి ఎవరో కేకేస్తారు. దీనికి రెండు మందులున్నాయి. ట్యాంకు నిండడానికి ఎంతసేపు పడుతుందో ఒకసారి చూసుకుని, అంతసేపటికి ఆగిపోయే టైమరు పెట్టడం ఒకటి. నీటితోపాటు పైకి లేచే తేలుడు బుడ్డిని అమర్చి, నీరు అంచుకు రాగానే అదే మోటారును ఆపేలా చెయ్యడం రెండోది. మొదటిది గడియారాన్ని నమ్ముకుంటుంది. రెండోది నీటిని గమనిస్తుంది. వోల్టేజి పడిపోయిన రోజున మొదటిది సగం ట్యాంకుకే ఆగిపోతుంది. రెండోదానికి ఆ బాధ లేదు.

ఈ తేడాను ఇంజనీరింగు పుస్తకంలో చదివి తెలుసుకోవచ్చు. కాని ఎందరో పిల్లలూ పెద్దలూ దీన్ని ఒక కంప్యూటర్ ఆటలో, లేని నేలలో లేని చెరుకును పండిస్తూ తెలుసుకున్నారు. గడియారం నుంచి తేలుడు బుడ్డి దాకా రావడానికి ఆ చెరుకు తోటకు సుమారు ఆరేళ్ళు పట్టింది. ఆ ఆరేళ్ళలో ఏం జరిగిందో, ఆ తరువాత ఏమయిందో చూద్దాం.

పిచ్చుక గూళ్ళ ప్రపంచం

ఆట పేరు మైన్‌క్రాఫ్ట్. స్వీడన్ దేశపు ప్రోగ్రామర్ మార్కస్ పెర్సన్ 2009 మే నెలలో దీన్ని మొదలుపెట్టాడు. పూర్తి రూపం 2011 నవంబరులో విడుదలైంది. 2014లో మైక్రోసాఫ్ట్ కంపెనీ ఈ ఆటను తయారుచేసే మోజాంగ్ సంస్థను 250 కోట్ల డాలర్లకు కొన్నది. 2023 నాటికి 30 కోట్ల ప్రతులు అమ్ముడుపోయాయి.

ఇందులో నేల, రాయి, ఇసుక, చెట్టు అన్నీ మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తున్న దిమ్మలే. ఆటగాడు వాటిని తవ్వుతాడు, మళ్ళీ పేర్చుకుంటాడు. ఫలానాది చేసి గెలవాలన్న నిర్బంధం లేదు. ఇలాంటి ఆటలను శాండ్‌బాక్స్ ఆటలంటారు. మనవాళ్ళు ఇసుకలో పాదం పెట్టి కట్టుకునే పిచ్చుక గూళ్ళ లాంటివే అనుకోండి. ఒక తేడా ఉంది. ఈ ఇసుకకు నియమాలున్నాయి. ఆ నియమాలు ఆటగాడికి ఎవరూ ముందుగా చెప్పలేదు.

ఇల్లు కట్టాలన్నా, పనిముట్టు చేసుకోవాలన్నా సరుకు కావాలి. సరుకంతా ఒక్కొక్క దిమ్మగా చేత్తో సంపాదించాలి. పది దిమ్మలైతే సరదాగా ఉంటుంది, పదివేలైతే విసుగు పుడుతుంది. యంత్రాల ఆలోచన ఆ విసుగులోంచే వచ్చింది. తనంతట తానే సరుకు తెచ్చిపెట్టే ఏ ఏర్పాటునైనా ఇంగ్లీషులో ఫార్మ్ అనేస్తారు. చెరుకు తెచ్చేదీ ఫార్మే, ఇనుము తెచ్చేదీ ఫార్మే. అనువాదాలు చేసుకునే నాకు ఇదొక చిక్కు. ఇనుప సేద్యం అంటే మీరు నవ్వుతారు. కాసేపు నవ్వు ఆపుకోండి, దాని దగ్గరకూ వస్తాం.

చెరుకునే ఎంచుకోవడానికి కారణం ఉంది. ఆటలో చెరుకు నుంచి చక్కెరతోపాటు కాగితం కూడా తయారవుతుంది. కాగితం ఉంటే పుస్తకాలు, పటాలు చేసుకోవచ్చు. 2016 చివరి నుంచి గాలిలో ఎగరడానికి వాడే తారాజువ్వలకూ ఆ కాగితమే ఆధారమయింది. కనుక ఎంత చెరుకున్నా చాలదు.

ఎదుగుదల ఒక లాటరీ

ఆటలోని చెరుకు నీటి పక్కనే నాటితేనే బతుకుతుంది. ఒక్క దిమ్మగా మొదలై మూడు దిమ్మల ఎత్తుకు ఎదిగి ఆగిపోతుంది. మొదటి దిమ్మను వదిలి పై రెండూ కొడితే అది మళ్ళీ ఎదుగుతుంది. మన రైతు మొదలు ఉంచి కార్శి తోట పెంచినట్టన్నమాట.

ఎదగడానికి ఎంతసేపు పడుతుంది? దీన్ని మనమే లెక్కకట్టవచ్చు. కింది అంకెలు ఆట జావా కూర్పుకు చెందినవి. ఆ ప్రపంచంలో కాలం సెకండుకు 20 టిక్కుల చొప్పున నడుస్తుంది. నేలంతా 16 × 16 × 16 గళ్ళ గదులుగా విభజించి ఉంటుంది. అంటే గదికి 4,096 గళ్ళు. ప్రతి టిక్కుకూ ప్రతి గదిలోనూ లాటరీ తీసినట్టు మూడు గళ్ళను కంప్యూటర్ ఎంచుకుంటుంది. మీ చెరుకున్న గడికి చీటీ వస్తే దాని వయస్సు ఒక మెట్టు పెరుగుతుంది. 16 సార్లు చీటీ వస్తే ఒక కొత్త దిమ్మ ఎదుగుతుంది.

ఒక గడికి చీటీ రావడానికి సగటున 4,096ను 3తో భాగిస్తే వచ్చినన్ని టిక్కులు, అంటే దాదాపు 68 సెకండ్లు పడుతుంది. దాన్ని 16తో హెచ్చవేస్తే దిమ్మకు 18 నిమిషాల పైచిలుకు. ఒక దిమ్మ నుంచి మూడు దిమ్మలు కావడానికి 36 నిమిషాలు.

ఇది సగటు మాత్రమేనని మరచిపోకండి. ఒక గడ 14 నిమిషాలకే ఒక దిమ్మ పెరగవచ్చు, పక్కదానికి 23 నిమిషాలు పట్టవచ్చు. నమ్మకం కుదరకపోతే వైకుంఠపాళి పాచిక తీసుకోండి. ఆరు నాలుగుసార్లు పడేవరకు వేస్తూ, మొత్తం ఎన్నిసార్లు వేశారో రాసుకోండి. సగటున 24 సార్లు రావాలి. కాని పది విడతలు ఆడి చూస్తే ఒకదానిలో 13, ఇంకొకదానిలో 35 కనిపించినా ఆశ్చర్యం లేదు. గడియారాన్ని నమ్ముకున్న చెరుకు యంత్రానికి వచ్చిన కష్టం ఇదే. ఎప్పుడు కొట్టినా కొన్ని గడలు ముదిరి ఎదురుచూస్తుంటాయి, కొన్ని ఇంకా మొలకలుగానే ఉంటాయి.

ఎర్ర పొడి, పిస్టన్, తొట్టి

2010 జూలైలో ఆటలోకి రెడ్‌స్టోన్ అనే ఎర్ర పొడి వచ్చింది. నేల మీద గీతలా చల్లితే అది తీగలా సంకేతాన్ని మోస్తుంది. సంకేతం బలం 15తో మొదలై దిమ్మకు ఒకటి చొప్పున తగ్గిపోతుంది. ఈ అంకె గుర్తుంచుకోండి, చివర్లో పని పడుతుంది. దానితో పాటే వచ్చిన రెడ్‌స్టోన్ దివిటీ మామూలుగా వెలుగుతూ ఉండి, తనకు సంకేతం అందితే ఆరిపోతుంది. ఉంటే లేదు, లేకపోతే ఉంది. తర్కశాస్త్రంలో దీన్ని నిషేధం అంటారు. రిలే స్విచ్చులతో ఇలాంటి తర్కాన్నంతా నడపవచ్చని 1937లో అమెరికాలో క్లాడ్ షానన్ అనే విద్యార్థి తన ఎమ్మెస్ సిద్ధాంత వ్యాసంలో చూపించాడు. నేటి కంప్యూటర్లకు అదొక పునాదిరాయి. ఆటగాళ్ళు దివిటీలతో అదే పని చెయ్యడం మొదలుపెట్టారు. కొందరు లెక్కలు చేసే యంత్రాలు కూడా కట్టారు. ఆ కథలోకి వెళితే ఇప్పట్లో తిరిగి రాలేం కనుక చెరుకు దగ్గరే ఉందాం.

గడను కొట్టడానికి చెయ్యి కావాలి కదా! 2011 జూన్ 30న పిస్టన్ వచ్చింది. సంకేతం అందితే ముందున్న దిమ్మను నెట్టే పరికరమిది. మొదట దీన్ని ఒక ఆటగాడు సొంతంగా తయారుచేసి ఆటకు అతికించుకున్నాడు. మోజాంగ్ దాన్ని చూసి తన ఆటలోకి తీసుకున్నది. రెండో దిమ్మ ఎత్తున పిస్టన్ పెట్టి సంకేతమిస్తే రెండోది విరిగిపోతుంది, ఆధారం లేక మూడోదీ రాలిపోతుంది. కింద పారే నీరు రెండిటినీ మోసుకుపోతుంది.

మరి సంకేతం ఇచ్చేదెవరు? తొలి తోటల్లో ఆటగాడే వచ్చి మీట నొక్కేవాడు. గడియారం కడదామంటే, సంకేతాన్ని ఆలస్యం చేసే రిపీటర్ అనే పరికరం 0.4 సెకండ్లకు మించి ఆపలేదు. వాటినే వరుసగా పేర్చి 36 నిమిషాల గడియారం చెయ్యాలంటే 5,400 రిపీటర్లు కావాలి. తెలివైన దారులు కనిపెట్టినవాళ్ళు లేకపోలేదు. కాని ఎంత తెలివిగా కట్టినా గడియారం గడియారమే. పాచిక ఆటలో మీరు చూసిన కష్టాన్ని అది తీర్చలేదు.

రాలిన చెరుకును పోగుచేసే హాపర్ 2013 మార్చిలో వచ్చింది. ఇది గరాటులాంటి తొట్టి. పైనపడిన వస్తువును 0.4 సెకండ్లకొకటి చొప్పున పక్కనున్న పెట్టెలోకి జారవిడుస్తుంది. అంటే గంటకు 9,000. ఒక చెరుకు గడ నుంచి గంటకు సుమారు 3.3 దిమ్మలు వస్తాయి కనుక ఒక్క హాపర్ 2,700 గడల తోటకు సరిపోతుంది.

హాపర్ అనే పేరు పిండిమరల నుంచి వచ్చింది. అమెరికాలోని డెలావేర్‌లో ఆలివర్ ఎవాన్స్ అనే ఆయన 1780లలో ఒక మర కట్టాడు. బండిలో వచ్చిన గోధుమలు పిండిగా మారి పీపాలోకి చేరేవరకు మధ్యలో మనిషి చెయ్యి పడనక్కరలేదు. గింజలను పైకి మోసేది బకెట్ల గొలుసు. పక్కకు జరిపేది మరచుట్ల కడ్డీ. వేడిగా వచ్చిన పిండిని ఆరబెట్టి జల్లెడ తొట్టిలోకి నెట్టేది తిరిగే పార. అంతకుముందు ఆ పని ఒక కుర్రాడు చేసేవాడు. కుర్రాడు పోయినా పేరు పోలేదు. ఆ పారను హాపర్ బాయ్ అనే పిలిచారు. ఎవాన్స్‌కు 1790లో పేటెంటు దొరికింది. మన ఊళ్ళలో రైస్ మిల్లుకు వెళితే వడ్లను పై అంతస్తుకు చేర్చే బకెట్ ఎలివేటర్ ఇప్పటికీ కనిపిస్తుంది. ఎవాన్స్ మరలో ఉన్నదీ ఆ రకం గొలుసే.

ఎవాన్స్ మర సరుకును మోసింది కాని గమనించలేదు. గమనించి తనను తాను సర్దుకునే పని ఆవిరియంత్రంలో కనిపిస్తుంది. 1788లో జేమ్స్ వాట్ అమర్చిన గవర్నరు యంత్రం వేగం పెరిగితే ఆవిరిని తగ్గించేది, తగ్గితే పెంచేది. మన చెరుకు తోటకు కావలసింది అలాంటి కన్ను.

ఒక పొరపాటుకు కళ్ళొచ్చాయి

ఆ కన్ను ఎవరూ తయారుచెయ్యలేదు. అది పిస్టన్‌లోని ఒక తప్పులో దొరికింది. కథలో నాకు బాగా నచ్చిన భాగం ఇదే కనుక కొంచెం నెమ్మదిగా చెప్పుకుందాం.

ఈ ఆటలో ఏ దిమ్మా తన చుట్టూ ఏం జరుగుతోందో అనుక్షణం చూస్తూ కూర్చోదు. అలా చూస్తే కంప్యూటర్ ఆ బరువు మొయ్యలేదు. ఆనుకుని ఉన్న దిమ్మలో మార్పు వచ్చినప్పుడు మాత్రం దానికి కబురు అందుతుంది. అప్పుడే అది లేచి, నేనిప్పుడు ఏం చెయ్యాలి అని నియమాలు చూసుకుంటుంది.

పిస్టన్‌కు ఒక వింత నియమం అంటుకుంది. తనకు నేరుగా సంకేతం అందితేనే కాక, తన నెత్తి మీదున్న గడికి అందినా అది చాచుకోవాలి. రెండు దిమ్మల ఎత్తుండే తలుపు కోసం రాసిన నియమాన్నే పిస్టన్‌కు వాడడం వల్ల ఇలా జరిగిందని ఆటగాళ్ళు చెప్పుకుంటారు. తలుపుకు పైభాగం ఉంటుంది, పిస్టన్‌కు లేదు. అయినా లేని పైభాగానికి సంకేతం అందితే పిస్టన్ కదలాలి.

చిక్కేమిటంటే, దూరం నుంచి ఆ పై గడికి సంకేతం వచ్చినా పిస్టన్‌కు కబురు అందకపోవచ్చు. నియమం ప్రకారం చాచుకోవాలి, కాని ఆ సంగతి దానికి తెలియదు. తెల్లారినా నిద్రపోతున్న మనిషిలా ముడుచుకునే ఉంటుంది. ఇప్పుడు పక్కనే ఏదో ఒక మార్పు జరిగిందనుకోండి. చెరుకు ఒక దిమ్మ ఎదిగిందనుకోండి. ఆ కబురుకు పిస్టన్ ఉలిక్కిపడి లేస్తుంది, నియమం చూసుకుంటుంది, చటుక్కున చాచుకుంటుంది. అంటే పక్కన మార్పు జరిగిందన్న సంగతి మనకు చెప్పేసింది!

పిస్టన్ వచ్చిన కొద్దికాలానికే ఆటగాళ్ళు దీన్ని గమనించారు. వాళ్ళకు ప్రోగ్రాము రాసినవాళ్ళ వివరణ లేదు. ఒకటి మారుస్తూ మిగతావి కదలకుండా ఉంచి, ఎప్పుడు కదులుతోంది, ఎప్పుడు కదలడంలేదు అని వందలసార్లు చూసి నియమాన్ని రాబట్టారు. మీరు ప్రయోగశాలలో చేసే పని ఇదే కదా! దాన్ని మార్పు పసిగట్టే యంత్రంగా మలచి చెరుకు తోటలకు అమర్చారు. ఇక గడియారంతో పనిలేదు.

తయారీదారుల ముందు ఇప్పుడొక ప్రశ్న నిలిచింది. తప్పు కనిపించాక దిద్దకుండా ఉండడం ఎలా? దిద్దితే దాని మీద ఆధారపడి కట్టిన యంత్రాలన్నీ ఆగిపోతాయి. చివరికి జావా కూర్పులో ఆ వింత నియమాన్ని అలాగే వదిలేశారు. ఫోన్లలో నడిచే కూర్పులో ఆ నియమం లేదు, కనుక అక్కడి తోటలకు కళ్ళూ లేవు. వాళ్ళ కోసం 2016 జూన్‌లో అబ్జర్వర్ అనే కొత్త దిమ్మను చేశారు. దాని ముఖం ముందున్న గడిలో మార్పు వస్తే వెనుక నుంచి ఒక సంకేతం పంపడమే దాని పని. ఆ ఏడాది నవంబరులో అది జావా కూర్పులోకీ వచ్చింది. మూడో దిమ్మ ఎత్తున అబ్జర్వర్, రెండో దిమ్మ ఎత్తున పిస్టన్. చెరుకు మూడో దిమ్మకు ఎదిగిందా, పిస్టన్ కొడుతుంది. ఒక పొరపాటును చదివినవాళ్ళ తెలివి ఐదేళ్ళలో ఒక పరికరమై కూర్చుంది.

నియమం మారిన రోజు

ప్రతి పొరపాటుకూ ఇంత గౌరవం దక్కలేదు. చెరుకు కింద ఇంకా ఇసుక ఉందా అని పరీక్షించే పనినీ, చెరుకు వయస్సు పెంచే పనినీ ఒకప్పుడు ప్రోగ్రాములో ఒకేచోట కలిపి రాశారు. కింది ఇసుకను పిస్టన్లతో రెప్పపాటులో లాగి మళ్ళీ పెడితే, పరీక్ష కోసం నిద్రలేచిన చెరుకు ఇసుక ఉండడం చూసి, పనిలోపని తన వయస్సూ పెంచుకునేది. లాటరీతో నిమిత్తం లేకుండా గుట్టలుగా చెరుకు పండింది. 2020 జూన్‌లో వచ్చిన 1.16 కూర్పులో ఆ రెండు పనులనూ విడదీశారు. ఆ తోటలు ఆగిపోయాయి. మొదటి పొరపాటు నిలిచి రెండోది పోవడం న్యాయమేనా అని మీరు అడగవచ్చు. మొదటిది ఆటగాడికి కన్నునిచ్చింది, రెండోది కాలాన్నే ఎగ్గొట్టింది. నా మటుకు నాకు ఆ తీర్పు సబబుగానే తోస్తుంది. పగలంతా కూర్చుని ఆ తోట కట్టుకున్నవాళ్ళు ఒప్పుకోకపోవచ్చు.

ఇనుము సంగతి ఇంకా చిత్రమైనది. ఆటలో ఊళ్ళున్నాయి, ఊళ్ళలో జనం ఉన్నారు. ఊరిని కాపాడడానికి ఇనుప బొమ్మ మనుషులు పుడతారు. 2012లో వచ్చిన వీళ్ళు చస్తే మూడు నుంచి ఐదు ఇనుప కడ్డీలు రాలుతాయి. పదిమంది జనం, 21 తలుపులు ఉంటే చాలు, దాన్ని ఊరుగా లెక్కపెట్టి, ప్రతి టిక్కుకూ 7,000లో ఒక వంతు అవకాశంతో ఇనుప మనిషిని పుట్టించేవారు. అంటే సగటున 350 సెకండ్లకు ఒకడు, గంటకు సుమారు 41 కడ్డీలు. ఆటగాళ్ళు ఇళ్ళు లేకుండా తలుపులు మాత్రమే నిలబెట్టి ఊళ్ళను సృష్టించారు. కంప్యూటర్ ఊరంటే ఏమని రాసుకుందో వాళ్ళు కనిపెట్టేశారు కదా!

2019 ఏప్రిల్‌లో 1.14 కూర్పు ఆ నిర్వచనాన్నే మార్చింది. తలుపుల లెక్క పోయి మంచాల లెక్క వచ్చింది. ఏళ్ళ తరబడి నడిచిన తలుపుల ఊళ్ళు ఒక్కరోజులో ఊళ్ళు కాకుండా పోయాయి. ప్రకృతి ఇలా చెయ్యదు. గురుత్వాకర్షణ నియమాన్ని ఫలానా నెల నుంచి మారుస్తున్నామని ఎవరూ ప్రకటించరు. ఆటగాళ్ళు మళ్ళీ మొదటి నుంచి ప్రయోగాలు చేశారు. భయపడిన జనం ఇనుప మనిషిని త్వరగా పిలుస్తారని తేలింది. అందుకని ముగ్గురిని ఒక చిన్న గదిలో బంధించి, ఎదురుగా ఒక ప్రేతాన్ని నిలబెట్టి, వాళ్ళు నిరంతరం హడలిపోయేలా కట్టే యంత్రం వాడుకలోకి వచ్చింది. వాళ్ళు నిజమైన మనుషులు కారు, బాధ లేదు, నిజమే. అయినా ఆ గది బొమ్మ మొదటిసారి చూసినప్పుడు నాకు కాస్త ఇబ్బందిగానే అనిపించింది. ఇనుప సేద్యం అన్న మాట మీకిప్పుడు నవ్వు తెప్పిస్తోందా?

పెట్టె నిండాక

2024 జూన్‌లో వచ్చిన 1.21 కూర్పులో క్రాఫ్టర్ అనే దిమ్మ చేరింది. సరుకును కలిపి కొత్త వస్తువు చేసే పని అంతవరకు ఆటగాడి చేతిలోనే ఉండేది. ఇప్పుడు చెరుకు ఎదగడం దగ్గర నుంచి కాగితమై పెట్టెలో పడడం వరకు యంత్రమే చూసుకుంటుంది. మిగిలింది ఒకటే. ఆటగాడు దగ్గరలో ఉంటేనే చెరుకుకు లాటరీ చీటీ వస్తుంది. అందుకని కొందరు రాత్రంతా కంప్యూటర్ నడవనిచ్చి, ఆటలో తోట పక్కన నిలబడి, అసలు ఒంటితో నిద్రపోతారు. ఆ యంత్రంలో ఆఖరి భాగం ఆటగాడే అన్నమాట. కరెంటు బిల్లు మాత్రం ఆట బయట వస్తుంది.

పైగా తెల్లారేసరికి పెట్టె నిండిపోతుంది. ఒక పెట్టెలో 1,728 చెరుకు దిమ్మలు పడతాయి. నూరు గడల తోట గంటకు దాదాపు 330 ఇస్తుంది కనుక ఐదుగంటల పావుకల్లా నిండుతుంది. ఆ తరువాత రాలిన చెరుకు నీటిలో తేలుతూ ఐదు నిమిషాలకు మాయమైపోతుంది. పిస్టన్లు కొడుతూనే ఉంటాయి. మళ్ళీ మిద్దె మీది ట్యాంకు పొంగుతోంది!

దీనికి తేలుడు బుడ్డి మీరే తయారుచెయ్యండి. పెట్టె ఎంత నిండిందో కొలిచే కంపారేటర్ అనే పరికరం ఆటలో 2013 నుంచీ ఉంది. పెట్టెలో ఒక్క గడ పడగానే అది బలం 1 సంకేతమిస్తుంది. నిండేకొద్దీ బలం పెరుగుతుంది. పెట్టె పూర్తిగా నిండితే తప్ప 15 ఇవ్వదు. దాని నుంచి ఎర్ర పొడి గీత గీసి, గీత చివర ఒక దివిటీ పెట్టాలి. దివిటీ వెలుగుతున్నంతసేపూ పిస్టన్లు పనిచేస్తాయి, ఆరితే ఆగుతాయి. దివిటీ పెట్టె నిండినప్పుడే ఆరాలి, సగం నిండినప్పుడు ఆరకూడదు. పొడి గీత ఎన్ని దిమ్మల పొడవుండాలి?